మొదటి మల్టీమీటరు కొనేముందు

ప్రశ్న: నేను నర్సంపేటలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇంట్లో పాడైన ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఒక పాత రేడియో పోగుపడ్డాయి. వాటిని బాగుచేయడం నేర్చుకోవాలని ఉంది. హనుమకొండలో దుకాణదారుడు 250 రూపాయల పసుపు రంగు మల్టీమీటరు చూపించి మీకు ఇది చాలు అన్నాడు. మా బావమరిదేమో ఆరేడు వేలు పెట్టి మంచిది కొనండి, మళ్లీ కొనే పని ఉండదు అంటున్నాడు. ఎవరి మాట వినాలి? తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి కూడా నా పక్కన కూర్చుంటానంటున్నాడు. పొలంలో బోరు మోటారు స్టార్టరు తరచూ మొరాయిస్తుంది, అదే మీటరుతో దాన్నీ చూసుకోవచ్చా? కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన మా మామగారు ఒక పాత ముల్లు మీటరు ఇచ్చారు. అది ఇప్పుడు పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, నర్సంపేట

సమాధానం: మీరు ప్రధానంగా అడిగింది బల్బుల గురించే అయినా నా కన్ను పడింది బోరు మోటారు మీద. బల్బు, చార్జరు, రేడియో ఒక కోవకు చెందినవి. స్టార్టరు పూర్తిగా వేరే కోవ. ఈ రెండింటికీ ఒకే మీటరు అనుకోవడం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. దుకాణదారుడూ మీ బావమరిదీ ఇద్దరూ ధర గురించే మాట్లాడారు. మీరు దేని మూత విప్పబోతున్నారని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మధ్య, పేరున్న తయారీదారుడి మీటరు ఒకటి కొనండి. స్టార్టరు జోలికి దానితో వెళ్లకండి. ఎందుకో ఇక తీరిగ్గా చెబుతాను.

మల్టీమీటరుతో జరిగే పెద్ద ప్రమాదానికి మన భాషలోనే ఒక బీజం ఉంది. మనకు విద్యుత్తు అంతా కరెంటే. కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు బిల్లు, కరెంటు ఆఫీసు. మీటరు భాషలో మాత్రం కరెంటు అంటే తీగలో పారే ప్రవాహం, ఆంపియర్లలో కొలిచేది. ప్లగ్గులో 'కరెంటు ఉందా' అని మనం చూసేది నిజానికి వోల్టేజీని. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. హనుమకొండలో ఒక రేడియో రిపేరు దుకాణంలో పని నేర్చుకుంటున్న రోజుల్లో మా గురువుగారు ఒక ఉదయం 'ఆ ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూడు' అన్నారు. కరెంటు కొలవాలంటే ఆంపియర్ల రంధ్రమే కదా అని నేను ఎర్ర లీడును, అంటే మీటరు తీగను, తీసుకెళ్లి 10 ఆంప్ అని రాసి ఉన్న రంధ్రంలో గుచ్చి, లీడ్ల చివర ఉండే రెండు ప్రోబులూ ప్లగ్గులో పెట్టాను. ఢామ్మని చప్పుడు, కళ్లముందు నీలి మెరుపు. ప్రోబు ములుకు కరిగిపోయింది, ప్లగ్గు మీద నల్లటి మచ్చ మిగిలింది, దుకాణమంతా చీకటి. గురువుగారు ఒక్క మాటా అనలేదు. కిట్‌క్యాట్ పీకి ఫ్యూజు తీగ ముక్క నా చేతిలో పెట్టారు. ఆ మౌనం తిట్టుకన్నా ఎక్కువ కాలం గుర్తుండిపోయింది.

అక్కడ జరిగిందేమిటంటే, వోల్టేజీ కొలిచేటప్పుడు మీటరు లోపల పది లక్షల ఓములో, కోటి ఓములో అడ్డు ఉంటుంది. ప్లగ్గులో పెట్టినా దాని గుండా దాదాపు ఏమీ పారదు. ఆంపియర్ల రంధ్రం వెనక ఉండేది మాత్రం ఒక లావుపాటి తీగ ముక్క, ఓములో వందో వంతు. దాన్ని ప్లగ్గులో పెట్టడమంటే ఫేజునూ న్యూట్రల్‌నూ ఇనుప చువ్వతో కలిపినట్లే. నాబ్ వోల్టుల వైపు తిప్పి ఉన్నా రక్షణ లేదు. చాలా మీటర్లలో ఆ రంధ్రం నేరుగా ఆ తీగకే కలిసి ఉంటుంది. మీకు చూపించిన 250 రూపాయల రకం మీటరు ముఖం మీద ఆ రంధ్రం పక్కనే చిన్న అక్షరాల్లో 'అన్‌ఫ్యూజ్డ్' అని రాసి ఉండటం మామూలు. అంటే లోపల ఫ్యూజు లేదని తయారుచేసినవాడే ఒప్పుకుంటున్నాడు. దాన్ని చదివి కొనేవాళ్లను నేను చూడలేదు.

అందుకే నా లెక్కలో మీరు అదనంగా పెట్టే ప్రతి రూపాయీ తెర మీద అంకెల కోసం కాదు, మీ చేతికీ ఆ 230 వోల్టులకూ మధ్య ఉండే వస్తువుల కోసం. ఫ్యూజు, లీడ్లు, లోపలి రక్షణ భాగాలు, గట్టి డొక్కు. ఆ చౌక మీటరుతో వచ్చే లీడ్లను ఒకసారి వంచి చూడండి. ప్లాస్టిక్ తొడుగు బిరుసుగా ఉంటుంది, ప్రోబు దగ్గర కొన్నాళ్లకే చిట్లుతుంది, లోపల రాగి పోగులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. మంచి లీడు మెత్తగా వాలుతుంది, ప్రోబు మీద వేళ్లు ముందుకు జారకుండా అంచు ఉంటుంది, మీటరులో గుచ్చే పిన్ను చుట్టూ తొడుగు ఉంటుంది.

ఒక విషయం గమనించండి. 1923లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన తొలి మల్టీమీటరును 'ఏవో' అన్నారు. ఆంపియర్లు, వోల్టులు, ఓముల మొదటి అక్షరాలు కలిపిన పేరు. టెలిఫోన్ల పనిచేసే డొనాల్డ్ మెకాడీ అనే పోస్టాఫీసు ఇంజనీరు, మూడు పరికరాలు మోయలేక మూడింటినీ ఒక పెట్టెలో పెట్టించాడు. పేరులో ఆంపియరు ముందున్నా, మీ పనిలో అది అన్నింటికన్నా ఆఖరిది. ఫ్లూక్ కంపెనీ 101 అనే చిన్న మీటరులో ఆంపియర్లు కొలిచే ఏర్పాటే లేదు. నేను ఇంటి వాడకానికి కొత్తగా నేర్చుకునేవాళ్లకు దాన్ని చెప్పినప్పుడు 'సగం మీటరు ఇంత ధరా' అని మొహం చిట్లిస్తారు. నా కథ విన్నారు కనుక మీకు ఆ లోపం ఎంత వరమో వివరించనక్కరలేదు. అది అందుబాటులో లేకపోతే నాసిక్‌కు చెందిన రిషభ్, మోత్వానే కంపెనీల చిన్న మోడళ్లు కూడా చూడవచ్చు.

ఇప్పుడు స్టార్టరు. మీటరు రంధ్రాల పక్కన 'క్యాట్ టూ 600 వోల్టులు', 'క్యాట్ త్రీ 600 వోల్టులు' వంటి రాతలుంటాయి. ఇది ఎంత వోల్టేజీ కొలవవచ్చో చెప్పే గుర్తు మాత్రమే కాదు, ఎక్కడ కొలవవచ్చో చెప్పే గుర్తు. ప్లగ్గుకు తగిలించే వస్తువులు క్యాట్ టూ. గోడలో స్థిరంగా ఉండే వైరింగు, పంపిణీ బోర్డు, మూడు ఫేజుల మోటారు స్టార్టర్లు క్యాట్ త్రీ. ఇంటి బయట స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగ క్యాట్ ఫోర్. పిడుగు పడినప్పుడో, పెద్ద మోటారు ఆగినప్పుడో లైనులో క్షణంలో వెయ్యో వంతుకన్నా తక్కువ కాలం వేల వోల్టులు దూసుకొస్తాయి. క్యాట్ టూ 600 మీటరును 4000 వోల్టుల తాకిడికి, క్యాట్ త్రీ 600 మీటరును 6000 వోల్టుల తాకిడికి పరీక్షిస్తారు. అసలు తేడా వోల్టులలో కన్నా దాని వెనకున్న బలంలో ఉంది. మొదటి పరీక్షలో తాకిడికి అడ్డు 12 ఓములు, రెండోదానిలో 2 ఓములే. లెక్క వేస్తే ఒకచోట 333 ఆంపియర్లు, ఇంకోచోట 3000. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరయ్యే కొద్దీ మధ్యలో అడ్డు తగ్గుతుంది, మీటరులో పుట్టిన చిన్న నిప్పురవ్వను ఆర్పే శక్తి ఏదీ ఉండదు.

మీ పొలంలో ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు. కింద తడి నేల. స్టార్టరు డబ్బా తరచూ తుప్పుపట్టి, మూత సగం ఊడి ఉంటుంది. అక్కడ మీరు కూర్చుని నేర్చుకోకూడదు. ఒక ఫేజు పోయి మోటారు మూలుగుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయడం లైన్‌మన్ పని. మన ఉత్తర తెలంగాణ విద్యుత్తు సంస్థ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది, ఫిర్యాదుకు 1912. స్టార్టరు లోపలి పని ఎలక్ట్రీషియన్‌ది. మోటారు ఎంత లాగుతోందో అతనితో కొలిపించుకోవాలంటే తీగను కోయకుండా దాని చుట్టూ దవడలా పట్టుకునే క్లాంప్ మీటరు తెమ్మనండి. 5 హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు నిండు భారం మీద ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. అంతకు చాలా ఎక్కువ చూపిస్తే మోటారులోనో బోరులోనో ఏదో ఉంది. క్యాట్ త్రీ రాసి ఉన్న మీ మీటరునే వాడొచ్చు కదా అంటారేమో. చౌక మీటర్ల మీద ఆ అక్షరాలు అచ్చు వేయడానికి సిరా తప్ప ఏమీ ఖర్చు కాదు. యూఎల్, టీయూవీ వంటి బయటి పరీక్షా సంస్థల ముద్ర ఉంటేనే ఆ మాటకు కొంత విలువ.

ఇక మీ అసలు పనికి వద్దాం. మీ బల్లమీదున్న వస్తువులకు కావలసినవి నాలుగే: డీసీ, ఏసీ వోల్టులు, తీగ తెగకుండా ఉంటే బీప్ చేసే కంటిన్యుటీ, డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పరీక్ష, కండెన్సర్ (చార్జిని నిల్వచేసే భాగం) కొలత. వీటిలో ఆఖరిది 250 రూపాయల మీటరులో ఉండదు. దానికి బదులు ట్రాన్సిస్టర్ గుచ్చే ఎనిమిది చిల్లుల గుండ్రటి సాకెట్ ఒకటి పెడతారు, నా ముప్పై ఏళ్ల పనిలో దాన్ని పదిసార్లు వాడానేమో. కండెన్సర్ కొలత మాత్రం మీకు మొదటి వేసవిలోనే డబ్బు తిరిగి ఇస్తుంది. సీలింగ్ ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే చాలాసార్లు పాపం కండెన్సర్‌దే. దాని మీద 2.5 మైక్రోఫారడ్లు అని రాసి ఉంటుంది, ఊడదీసి కొలిస్తే 1.4 అని చూపిస్తుంది. కొత్తది వేయండి, వేగం తిరిగొస్తుంది. కొలిచే ముందు ఫ్యాను స్విచ్చే కాదు, మెయిన్ కూడా ఆపి, కండెన్సర్‌లో మిగిలిన చార్జి తీసేయడం మరవకండి.

చార్జి అన్నాను కనుక చార్జర్ల గురించి. అవి చూడటానికి బొమ్మల్లా ఉంటాయి, బయటికి 5 వోల్టులే ఇస్తాయి. లోపల మాత్రం ప్లగ్గు నుంచి వచ్చిన 230 వోల్టుల ఏసీని నాలుగు డయోడ్లు డీసీ చేసి ఒక పెద్ద కండెన్సర్‌లో నింపుతాయి. అప్పుడు దానిలో ఉండేది 230 కాదు, దాని శిఖరం: సుమారు 325 వోల్టులు. ప్లగ్గు తీసేశాక కూడా, ముఖ్యంగా చార్జరు పాడై ఉంటే, ఆ 325 అక్కడే కాచుకుని ఉండగలదు. పాత ఫిలమెంటు బల్బుకు రెండు తీగలు సోల్డర్ చేసి ఉంచుకోండి, ముట్టుకునే ముందు కండెన్సర్ రెండు కాళ్లకూ తాకించండి. తర్వాత మీటరు డీసీలో పెట్టి సున్నా వచ్చిందో లేదో చూడండి. ఆ మీటరు బతికే ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు తెలిసిన బ్యాటరీని, తర్వాత కండెన్సర్‌ను, మళ్లీ బ్యాటరీని కొలవండి. రెండుసార్లూ బ్యాటరీ సరిగ్గా చూపిస్తేనే మధ్యలో వచ్చిన సున్నాను నమ్మండి. ఆ పైన డయోడ్ పరీక్షలో ఒకవైపు 0.5 నుంచి 0.7 వరకు, రెండోవైపు ఏమీ లేదని చూపిస్తే ఆ డయోడ్ బాగున్నట్టే. రెండువైపులా బీప్ అంటే పోయినట్టు. అయితే ఇవన్నీ చేసేముందు చార్జరు కేబులును కంటిన్యుటీలో పెట్టి వంచుతూ చూడండి. 'చార్జరు పోయింది' అని నా దగ్గరికి వచ్చినవాటిలో కేబులు తెగినవే ఎక్కువ.

ఎల్‌ఈడీ బల్బులో ఒక మోసం ఉంది, తెలియకపోతే మంచి చిప్పులన్నీ పీకి పారేస్తారు. డయోడ్ పరీక్షలో మీటరు ఇచ్చేది దాదాపు 3 వోల్టులు. చిప్పు లోపల ఒకే ఎల్‌ఈడీ ఉంటే మసకగా వెలుగుతుంది. కాని ఇప్పటి బల్బుల్లో ఒక్కో చిప్పులో రెండు మూడు, అంతకన్నా ఎక్కువ ఎల్‌ఈడీలు వరుసగా ఉండి 6, 9, 18 వోల్టులు అడిగేవి చాలా ఉన్నాయి. అవి మీటరుకు వెలగవు, తెర మీద ఏమీ లేదనే చూపిస్తుంది. అందుకని ముందు కంటితో చూడండి, కాలిన చిప్పు మధ్యలో నల్లటి చుక్క ఉంటుంది. ఇంకో మాట, ఈ బల్బుల్లో చాలావాటిలో ఎల్‌ఈడీలను నడిపే డ్రైవరు సర్క్యూట్‌కూ లైనుకూ మధ్య విడదీత లేదు. వెలుగుతున్నప్పుడు బోర్డు మీద ఎక్కడ ముట్టుకున్నా ప్లగ్గులో వేలు పెట్టినట్టే. హోల్డరులో వెలుగుతున్న బల్బు డోము తీసి కొలిచే ప్రయత్నం చేయకండి.

రేడియోకు పెద్ద ఉపదేశం అక్కరలేదు. బ్యాటరీ స్ప్రింగుల మీద పచ్చని చిలుము, తెగిన తీగ, దుమ్ముపట్టిన వాల్యూమ్ కంట్రోల్, ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది. కంటిన్యుటీ బీప్ ఒక్కటి చాలు.

ఆ బీప్ ఎంత చురుగ్గా ఉందో దుకాణంలోనే చూసుకోండి. ప్రోబులు ఒకదానికొకటి తాకించిన క్షణమే మోగాలి, తీసిన క్షణమే ఆగాలి. కొన్నిటిలో అరక్షణం ఆలస్యమవుతుంది, బోర్డు మీద ప్రోబు జరుపుకుంటూ వెళ్లేటప్పుడు ఆ ఆలస్యం బాగా విసిగిస్తుంది. ప్రోబులు కలిపి ఓముల్లో 0.2, 0.3 చూపిస్తే లీడ్ల సొంత అడ్డు అంతే అని అర్థం. రెండు, మూడు ఓములు చూపిస్తూ ఊగుతుంటే ఆ లీడ్లు వద్దు. కొత్త పెన్సిల్ సెల్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. 1.5కూ 1.6కూ మధ్య చూపించాలి. బిల్లు తీసుకోండి. హనుమకొండ చౌరస్తాలో దొరక్కపోతే హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠిలోని గుజరాతీ గల్లీలో చూడవచ్చు, సోల్డరింగు సామాను కూడా ఒకేసారి అయిపోతుంది.

పెట్టె మీద '2000 కౌంట్లు', '6000 కౌంట్లు' అని రాస్తారు. తెర చూపించగల అతి పెద్ద అంకె 1999 వరకా, 5999 వరకా అన్నదే దాని అర్థం. ఫోను బ్యాటరీ వోల్టేజీ మొదటిదానిలో 4.18, రెండోదానిలో 4.183. ప్లగ్గులో 231, 231.4. ఆ చివరి అంకెతో మీకు ఇప్పట్లో పని లేదు, అయినా 6000 కౌంట్ల మీటర్లకు మిగతా హంగులు కూడా మెరుగ్గా ఉంటాయి కనుక అదే తీసుకోండి. 'ట్రూ ఆర్‌ఎంఎస్' అంటే ఏసీ తరంగం ఏ ఆకారంలో ఉన్నా వోల్టేజీని సరిగ్గా కొలిచే ఏర్పాటు, ఇంట్లో స్క్వేర్‌వేవ్ (చదరపు తరంగం ఇచ్చే) ఇన్వర్టర్ ఉంటే ఉపయోగం. అది లేని మీటరు అసలు 230 వోల్టులున్న స్క్వేర్‌వేవ్‌ను 255 అని చూపిస్తుంది, మీరు ఇన్వర్టర్ పాడైందని బెంబేలు పడతారు. ఆటోరేంజి ఉన్న, అంటే రేంజిని తానే ఎంచుకునే, మీటరులో అంకె పక్కనున్న గుర్తు చూడటం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి, 230 మిల్లీవోల్టులను చూసి 230 వోల్టులనుకుని దడుచుకున్నవాళ్లున్నారు.

బ్యాటరీ మాత్రం జాగ్రత్తగా చూసి కొనండి. చౌక మీటర్లు 9 వోల్టుల చదరపు బ్యాటరీతో నడుస్తాయి. అది మన ఊళ్లలో ప్రతి కిరాణా కొట్టులో దొరకదు, రిమోట్‌లో వేసే సన్న సెల్లులు దొరుకుతాయి. పైగా బ్యాటరీ నీరసించినప్పుడు ఆ చౌక మీటర్లు తక్కువ చూపించవు, ఎక్కువ చూపిస్తాయి. నేనొకసారి ఒక టేపురికార్డరు సప్లయ్ 12కు బదులు 14 వోల్టులు వస్తోందని రెగ్యులేటరు మార్చాను, తర్వాత డయోడ్లు మార్చాను, చివరికి ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించాను. సాయంత్రం గోడ గడియారం సెల్ కొలిస్తే 1.9 వచ్చింది. ప్రపంచంలో అలాంటి సెల్ లేదు. మీటరు బ్యాటరీ మార్చగానే టేపురికార్డరు 12 వోల్టులకు వచ్చేసింది. మార్చిన భాగాల డబ్బు అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

మీ అబ్బాయి సంగతి. ఆ 250 రూపాయల పసుపు మీటరును అతనికి కొనండి. నేను దాన్ని ఇంతసేపు తిట్టింది ప్లగ్గు దగ్గర పెట్టవద్దనే. సెల్లులు, టార్చి బల్బులు, చిన్న మోటార్ల మీద అది నిక్షేపంగా పనిచేస్తుంది. రేంజిని చేత్తో తిప్పుకోవాల్సి రావడం వల్ల కొలవబోయేది ఎంత ఉండవచ్చో ముందే ఊహించడం అలవాటవుతుంది. 10 ఆంప్ రంధ్రం మీద మాత్రం ఎర్ర టేపు అంటించి ఇవ్వండి. ఇంటి ప్లగ్గు, చార్జరు లోపలి భాగం అతనికి నిషిద్ధం, మీరు పక్కన ఉన్నా సరే. మీరు కూడా మెయిన్స్ మీద కొలిచేటప్పుడు చెప్పులు వేసుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మొదట నల్ల ప్రోబు తగిలించడానికి క్లిప్పు వాడండి.

ముల్లు మీటరు పారేయకండి. బోర్డు మీద కొలిచేటప్పుడు దాని అడ్డు తక్కువ కావడం వల్ల సున్నితమైన చోట్ల తప్పు చూపిస్తుంది కాని, పెద్ద కండెన్సర్‌కు ఓముల్లో తాకిస్తే ముల్లు ఒక్కసారి ఎగిరి మెల్లగా వెనక్కి రావడం డిజిటల్ తెర మీద అంత స్పష్టంగా కనపడదు. డయోడ్లు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఈ మీటర్లలో ఓముల రేంజిలో నల్ల లీడుకు లోపలి బ్యాటరీ ప్లస్ వస్తుంది, ఎర్రదానికి మైనస్. డిజిటల్‌కు అలవాటుపడి చూస్తే మంచి డయోడ్ తలకిందులుగా కనిపిస్తుంది. వాడేముందు వెనక మూత తీసి చూడండి, ఏళ్లనాటి సెల్లులు లోపల కారి ఉండవచ్చు. రేంజి మార్చిన ప్రతిసారీ లీడ్లు కలిపి ముల్లును సున్నాకు తెచ్చుకోవాలి, ఏటవాలుగా కాకుండా, స్కేలు పక్కనుండే అద్దం పట్టీలో ముల్లు నీడ ముల్లు వెనక దాక్కునేలా నిటారుగా చూడాలి. అది మీ మామగారి చేతికి బాగా తెలిసిన పని. ఒక ఆదివారం ఆయనతోనే మీ అబ్బాయికి చూపించండి.